శాలువా వద్దు, శనివారం కావాలి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం పరిసరాల్లో స్థిరపడిన మాజీ క్రీడాకారులకు, క్రీడాకారిణులకు నమస్కారాలు.

నేను ఒడిశాలోని గజపతి జిల్లాలో ముప్ఫై ఏళ్ళకు పైగా డ్రిల్ మాస్టారుగా పనిచేసి దిగిపోయినవాణ్ణి. పదవీ విరమణ నాడు బహూకరించిన గోడ గడియారం ఎప్పుడో ఆగిపోయింది గాని, నా మెడలోని ఈల ఇంకా పలుకుతూనే ఉంది. సాయంత్రాలు మా పేట వెనుక మైదానంలో పిల్లల చేత కబడ్డీ ఆడిస్తుంటాను. మీలో కొందరు నన్ను ఎరుగుదురు. కొందరిని ఒకప్పుడు తెల్లవారుజామున లేపి, ఏడిపించి, పరుగెత్తించిన పాపం కూడా నాదే. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

బడిపిల్లలకు మంచి నడవడి గురించి నాలుగు మాటలు చెప్పి పొమ్మని ఈమధ్య మిమ్మల్ని తరచుగా పిలుస్తున్నారు. మీరూ కాదనలేక వెళుతున్నారు. వెళ్ళండి, మంచిదే. ముఖ్య అతిథిగా మాత్రం వెళ్ళకండి. వారానికి ఒక్క సాయంత్రం పిల్లల మధ్య కూర్చోవడానికి వెళ్ళండి.

ఎందుకంటున్నానో చెబుతాను. కిందటి చలికాలం ఒక బడిలో అలాంటి సభకు నేనూ వెళ్ళాను. ఆ బడి పేరు ఇక్కడ అనవసరం. తొమ్మిదిన్నరకు రావలసిన అతిథి పదకొండుంపావుకు వచ్చారు. ఆయన తప్పేమీ లేదు, తీసుకురావలసిన కారు ఆలస్యమైంది. అంతవరకు పిల్లలు బారులు తీరి ఎండలో నిలబడే ఉన్నారు. ఆయన ఒకప్పుడు దేశం తరఫున ఆడిన మనిషి. వేదిక మెట్లు ఎక్కేటప్పుడు కుడికాలు ముందు పెట్టి, ఎడమకాలిని దాని పక్కకు తెచ్చుకుని, మళ్ళీ కుడికాలు వేశారు. నాలుగు మెట్లకు నాలుగుసార్లు ఆగారు. ఆ మోకాళ్ళ కథ చెబితే చాలు, పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవారు. ఆయన చేతికి మాత్రం ఒక కాగితం అందించారు. అందులో క్రమశిక్షణ, పట్టుదల, దేశభక్తి ఉన్నాయి. పాపం, పావుగంట సేపు హిందీలో చదివారు. అనువదించడానికి నిలబడ్డ ఉపాధ్యాయుడు దాన్నంతా 'బాగా చదవండి, బాగా ఆడండి, పెద్దల మాట వినండి అంటున్నారు' అని మూడు ముక్కల్లో తేల్చేశాడు. చప్పట్లు మోగాయి.

చివర్లో ఎవరైనా ప్రశ్న అడగమన్నారు. ఏడో తరగతి కుర్రాడు ఒకడు లేచి, "మిమ్మల్ని వేలంలో ఎంతకు కొన్నారు సార్?" అని అడిగాడు. సభంతా గొల్లున నవ్వింది. హెడ్మాస్టరు కళ్ళెర్రజేశారు. ఆ పూట మొత్తంలో నాకు వినిపించిన నిజమైన మాట అదొక్కటే. 2014లో ప్రో కబడ్డీ మొదలైన దగ్గరి నుంచి మా పిల్లల దృష్టిలో ఆటగాడంటే వేలంలో ధర పలికినవాడు. అతిథికి కోపం రాలేదు. ఆయన చిన్నగా నవ్వి, "మా రోజుల్లో వేలం లేదు నాన్నా, నాకు రైల్వేలో గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు. మొదటి జీతం తీసుకున్న రోజు..." అంటూ మొదలుపెట్టారు. అంతలో వందన సమర్పణ చేసే ఆయన మైకు అందుకున్నాడు.

ఆ సగంలో ఆగిపోయిన వాక్యం నన్ను ఇంకా వదలలేదు. మొదటి జీతం రోజు ఏమి జరిగింది? ఆ ఏడో తరగతి కుర్రాడికి తెలియలేదు. నాకూ తెలియలేదు.

మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో ఆటనే బతుకుగా చేసుకున్నవాళ్ళంటే టీవీలో కనిపించేవాళ్ళు కాదు. రైల్వే జట్టు, పోలీసు జట్టు, సైనికుల సర్వీసెస్ జట్టు, ఉక్కు కర్మాగారం జట్టు. బరంపురం అఖాడాలలో, అంటే వ్యాయామశాలల్లో, ఇనుము ఎత్తి, ఆ బలంతో ఉద్యోగం సంపాదించుకున్నవాళ్ళు. ఆమదాలవలస నుంచి ఇచ్ఛాపురం దాకా అటువైపు ఊళ్ళకూ, ఇటువైపు మన ఊళ్ళకూ మధ్య 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీత గీశారు గాని, ఆ గీత మైదానం మీద ఎన్నడూ పడలేదు. పాతపట్నం పిల్లలు ఇటు వచ్చి ఆడతారు, మన పిల్లలు అటు వెళ్ళి ఆడతారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు బలంగీర్‌లో కన్నుమూశారు. రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకున్న మనిషిగా ఆయన అందరికీ తెలుసు. విజయనగరంలో ఆయన వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశారన్నది ఎవరికీ గుర్తుండదు. మా డ్రిల్ మాస్టార్ల జాతికి దక్కిన ఏకైక గొప్ప అది కాబట్టి, సందు దొరికినప్పుడల్లా నేను గుర్తుచేస్తుంటాను.

ఇక అసలు విషయానికి వస్తాను. మూడేళ్ళ కిందట మా మైదానానికి ఒక పెద్దమనిషి రావడం మొదలుపెట్టారు. తన పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయను. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం, రైల్వే జట్టులో కబడ్డీ. విశ్రాంతి తీసుకున్నాక అత్తవారి ఊరని పర్లాకిమిడి చేరారు. మొదటి రెండు వారాలు వేపచెట్టు కింద కూర్చుని చూశారు, అంతే. ఎవరినీ పలకరించలేదు. మూడో వారం చెప్పులు విడిచి, పంచె బిగించి, "ఒకవైపు మనిషి తక్కువైనట్టుంది మాస్టారూ, నన్ను వేసుకోండి" అన్నారు.

ఆ సాయంత్రం జరిగింది మీకు ఉన్నదున్నట్టుగా చెప్పాలి. ఎనిమిదో తరగతి సవర పిల్లవాడు కూతకు వచ్చాడు. బక్కగా, చీపురుపుల్లలా ఉంటాడు. గీత దాటి, కుడివైపు ఉరికి, చెయ్యి చాపి, పట్టుకోబోతున్న ఇద్దరి మధ్య నుంచి పాములా జారుకుని, కూత తెగకుండా తిరిగి వెళ్ళిపోయాడు. ఎవరినీ తాకినట్టు నాకు కనిపించలేదు. ఆ పిల్లవాడికీ తెలియదు. ఖాళీ కూత అని నేను చేతులు ఊపాను. అంతలో ఈ పెద్దమనిషి తనంతట తానే కోర్టు బయటికి నడిచి, ఔటైనవాళ్ళు కూర్చునే చోట మట్టిలో చతికిలబడ్డారు. "ఏమైంది?" అన్నాను. "మోచేతికి గోరు తగిలింది" అన్నారు, చేతి మీది దుమ్ము దులుపుకుంటూ. అంతే. ఉపన్యాసం లేదు, పిల్లల వైపు చూపు లేదు. జట్టులో మనిషి తగ్గినందుకు పక్కనున్న కుర్రాళ్ళు ఆయన వైపు కొరకొరా చూశారు.

రెండో రోజూ అదే జరిగింది, మూడో రోజూ అదే. తాకిడి తెలిసిన ప్రతిసారీ లేచి వెళ్ళిపోయేవారు. నెల తిరిగేసరికి మా పిల్లలలో ఒక మార్పు కనిపించింది. మార్పు అంటే వాళ్ళు మహాత్ములయ్యారని కాదు. అబద్ధమాడేటప్పుడు ఆయన వైపు ఒకసారి చూసి ఆడేవారు. నాకు అదే పెద్ద విషయంగా తోచింది. ముప్ఫై ఏళ్ళలో నా వైపు ఎవడూ అలా చూడలేదు.

తరువాత గుణుపురంలో పోటీ వచ్చింది. మా జట్టు వెంట ఆయనా బస్సెక్కారు. ఆట ఆఖరి నిమిషంలో ఉంది, ఒక్క పాయింటు ఆధిక్యం మాది. అవతలి జట్టు వాడు కూతకు వచ్చి వెళ్ళాడు. రిఫరీ ఏమీ ఇవ్వలేదు. మా సవర పిల్లవాడు చెయ్యెత్తి, "తగిలింది సార్, నాకే" అన్నాడు. స్కోరు సమమైంది. మరుసటి కూతలో ఇంకో పాయింటు పోయింది. ఓడిపోయాం.

బస్సులో నరకం. కాశీనగర్ దాటేదాకా ఎవరూ ఆ పిల్లవాడి పక్కన కూర్చోలేదు. మా కెప్టెన్ ముందు సీటు కడ్డీ మీద పిడికిలితో కొడుతూ, "హరిశ్చంద్రుడు బయలుదేరాడు" అని పళ్ళు కొరుకుతున్నాడు. పెద్దాయన వెళ్ళి ఆ పిల్లవాడిని ఓదారుస్తారనీ, మంచి పని చేశావని భుజం తడతారనీ అనుకున్నాను. ఆయన వెళ్ళి కెప్టెన్ పక్కన కూర్చున్నారు. ఆ సంభాషణ నేను వెనుక సీటులో ఉండి విన్నాను. ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపుల మధ్య జరిగిన పోటీలో, పాతికేళ్ళ వయసులో, ఆయనకు తాకిడి తగిలిందట. లేదని బుకాయించారట. రిఫరీ నమ్మాడు, ఆయన జట్టు గెలిచింది, స్వీట్లు పంచుకున్నారు. తాకినవాడు అవతలి షాపు మనిషి. "ఆ తరువాత ఇరవై రెండేళ్ళు ఇద్దరం ఒకే క్యాంటీన్‌లో టీ తాగాం బాబూ. అతను ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అతని రిటైర్మెంటు రోజున చెబుదామనుకున్నాను. ఆ రోజు జనం ఎక్కువగా ఉన్నారు" అన్నారు. కెప్టెన్ ఏమీ అనలేదు. కడ్డీ మీద కొట్టడం మాత్రం ఆగింది. పర్లాకిమిడిలో దిగేటప్పుడు ఆ సవర పిల్లవాడి సంచి కూడా తనే మోశాడు. మర్నాడు మళ్ళీ ఇద్దరూ తగువులాడుకున్నారనుకోండి, అది వేరే సంగతి.

ఆ బస్సులో చెప్పినలాంటి మాట మీలో ప్రతి ఒక్కరి దగ్గరా ఒకటి ఉంటుంది. పతకాల కథ మాకు తెలుసు, పేపర్లో చదివాం. ఆ ఇరవై రెండేళ్ళ టీ సంగతి పేపర్లో రాదు. ఆట మానేసినవాళ్ళే ఆ మాట చెప్పగలరు. ఇంకా ఆడుతున్నవాడికి దాచుకోవలసినవి చాలా ఉంటాయి. జట్టులో చోటు పోతుందన్న భయం ఉంటుంది. మీకిక పోయేదేమీ లేదు. అందుకే ఆడుతున్నవాళ్ళను వదిలి మిమ్మల్ని అడుగుతున్నాను.

మిమ్మల్ని ఇంతగా అడుగుతున్నవాడు తన సంగతి చెప్పకపోతే బాగుండదు. 1996. అప్పటికి గజపతి జిల్లా గంజాం నుంచి విడిపోయి నాలుగేళ్ళు. అండర్ ఫోర్టీన్ కబడ్డీ పోటీలకు గుణుపురం వెళ్ళాలి. అప్పుడు నౌపడా నుంచి గుణుపురం దాకా చిన్న రైలు నడిచేది. పిల్లలు దిగి పక్కన కొంతదూరం పరుగెత్తి మళ్ళీ ఎక్కగలిగేంత తీరికైన రైలు. నా జట్టులో అందరికన్నా మంచి కూతగాడికి వయసు మూడు నెలలు దాటిపోయింది. ముందురోజు రాత్రి ఇంట్లో, కిరసనాయిలు దీపం వెలుగులో, బడి ఇచ్చే వయసు పత్రం మీద పుట్టిన నెల దిద్దాను. అదే నీలం సిరా, అదే కలం. ఒక అంకె మీద ఇంకో అంకె. పిల్లవాడు నా ఎదురుగా పీట మీద కూర్చుని చూస్తున్నాడు. "ఎవరైనా అడిగితే ఇదే చెప్పు" అన్నాను. తల ఊపాడు. గెలిచాం. కప్పు హెడ్మాస్టరు గది అల్మారాలో పెట్టారు.

ఆ కప్పు వల్ల నాకు మంచి పేరే వచ్చింది. మరుసటి సంవత్సరం ఇంకో పిల్లవాడి తండ్రి పత్రం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "ఫలానా అబ్బాయికి చేశారట కదా మాస్టారూ, మావాడికీ కొంచెం చూడండి" అన్నాడు. ఎంత మామూలుగా అడిగాడంటే, గొడుగు బాగుచేయించమన్నట్టు అడిగాడు. నేను కాదన్నాను. నీతి వల్ల కాదు, ఊళ్ళో తెలిసిపోయిందన్న భయం వల్ల. ఆయన వెళ్ళేటప్పుడు, "వాళ్ళు మీ వాళ్ళు కాబోలు" అన్నాడు.

చాలాకాలం ఆ సంగతిని నేను చిన్న తప్పుగానే లెక్కవేసుకున్నాను. అందరూ చేసేదే కదా! 2015లో పటౌడీ స్మారకోపన్యాసంలో రాహుల్ ద్రవిడ్ ఇదే విషయం ఎత్తారు. అప్పటికి ఆయన ఆట మానేసి, అండర్ నైన్టీన్ కుర్రాళ్ళకు శిక్షణ ఇస్తున్నారు. వయసు తగ్గించి ఆడించడాన్ని ఫిక్సింగ్‌తో సమానం చేసి మాట్లాడారు. తల్లిదండ్రులు, కోచ్ కలిసి దొంగ పత్రం పుట్టించడం కళ్ళారా చూసిన పిల్లవాడు రేపు మోసగాడు కాకుండా ఉంటాడా అని ఆయన అడిగిన దాని సారం. మర్నాడు పేపర్లో అది చదువుతున్నప్పుడు నాకు పీట మీద కూర్చున్న పిల్లవాడి కళ్ళు కనిపించాయి. చూడండి, ఆ మాట ఒక విద్యాధికారి అని ఉంటే నేను పేపరు మడిచి పక్కన పెట్టేవాణ్ణి. ఆడినవాడు అన్నాడు కాబట్టి తగిలింది.

పెద్ద పెద్ద క్రీడాకారుల కథలు పిల్లలకు చెప్పవద్దని నేను అనను. చెప్పే తీరులోనే ఉంది చిక్కంతా. కరణం మల్లీశ్వరి గారు మనకు పొరుగింటి ఆడపడుచు, ఆమదాలవలస. 2000లో సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో కాంస్యం, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఈ ముక్క ప్రతి బడి గోడ మీదా ఉంది. గోడ మీద లేనిది ఒకటుంది. ఒకే ఊపున ఎత్తే స్నాచ్‌లో 110, రెండు ఊపుల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తాక ఆఖరి ప్రయత్నానికి 137.5 కిలోలు పెట్టించారు. అది లేచి ఉంటే స్వర్ణం ఆమెదే. లేవలేదు. స్వర్ణం తెచ్చిన మొత్తం 242.5, ఆమె మొత్తం 240. బరువు అంతగా పెంచకుండా ఉండవలసింది కదా అని నా మైదానంలో పిల్లలు ఈనాటికీ గంటల తరబడి వాదించుకుంటారు. ఆశ ఎక్కడిదాకా పోవచ్చు, ఎక్కడ ఆగాలి, ఆ నిర్ణయం ఎవరిది, తరువాత దాన్ని ఎవరు మోయాలి? పిల్లలు ఇవన్నీ ఆ ఏడున్నర కిలోల చుట్టూ మాట్లాడుకుంటారు. 'పట్టుదల' అన్న మాట మీద ఒక్క నిమిషం కూడా మాట్లాడరు.

పుల్లెల గోపీచంద్ గారి సంగతీ అంతే. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచాక శీతల పానీయం ప్రకటన వద్దన్నారని చెబితే, మా కెప్టెన్ వెంటనే "ఎంత వదులుకున్నారు?" అన్నాడు. ఆ ప్రశ్నను తప్పుబట్టకండి. ధర తెలియకుండా త్యాగం బరువు పిల్లలకు ఎలా అందుతుంది? గుండప్ప విశ్వనాథ్ గారిది మరీ ఇష్టంగా చెబుతాను. 1980లో బొంబాయి టెస్టులో అంపైరు ఔటిచ్చిన ఇంగ్లండ్ ఆటగాడు బాబ్ టేలర్‌ను, ఔట్ కాదని తెలిసి, కెప్టెన్‌గా తనే వెనక్కు పిలిచారు. టేలర్, బోథమ్ నిలబడి ఆడారు, మనం పది వికెట్ల తేడాతో ఓడిపోయాం. ఈ ఆఖరి ముక్క చాలామంది చెప్పరు. మంచి చేస్తే మంచే జరుగుతుందని చెప్పాలన్న తొందరలో ఓటమిని మింగేస్తారు. గుణుపురం బస్సులో ఒంటరిగా కూర్చున్న పిల్లవాడికి ఆ ముక్కే కావాలి.

మన రాష్ట్రంలో ఈ దారిలో కొంత పని జరిగింది. 2022లో షూటర్ అభినవ్ బింద్రా గారి సంస్థ, అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఒలింపిక్ విలువల బోధన మొదలుపెట్టాయి. మొదటి ఏడాది భువనేశ్వర్, రూర్కెలాలలోని 90 బడులు. శ్రేష్ఠత, గౌరవం, స్నేహం అన్నవి వాళ్ళు పట్టుకున్న మూడు మాటలు. బీజింగ్‌లో స్వర్ణం గెలిచి, రియోలో నాలుగో స్థానంతో వెనుదిరిగిన మనిషి దీని వెనుక ఉండడం నాకు నచ్చింది. ఆ రెండూ తెలిసినవాడు కదా. అయితే భువనేశ్వర్ నుంచి ఏదైనా మన మహేంద్రతనయ నది ఒడ్డుకు చేరేసరికి నాలుగు రకాల కాగితాలుగా మారుతుంది. మనం దాని కోసం కూర్చోనవసరం లేదు. వర్క్‌షాపు పెద్దాయనకు ఎవరు ఉత్తర్వు ఇచ్చారు? వేపచెట్టు ఉంది, వచ్చి కూర్చున్నారు.

భాష సంగతి కూడా చెప్పాలి. మా పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కొందరు ఇంట్లో సవర, మైదానంలో మూడూ కలిపి కొడతారు. మీకు వచ్చిన భాషలో, వచ్చినంతలో మాట్లాడండి. తప్పులు పోతే పిల్లలే దిద్దుతారు, అందులో వాళ్ళకు గొప్ప సరదా. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలో పుస్తకాలు రాశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 మనకు తెలుగు భాషా దినోత్సవం. ధ్యాన్‌చంద్ పుట్టిందీ అదే తేదీ కాబట్టి జాతీయ క్రీడా దినోత్సవమూ అప్పుడే. ఇంత చక్కని తేదీ దొరికింది కదా అని దయచేసి ఆ రోజు మాత్రం రావద్దు. ఆ రోజు ఊళ్ళో దండలకు కరువొచ్చేటన్ని సభలు ఉంటాయి.

వచ్చేవారికి నావి కొన్ని షరతులు. ఏడాది పొడవునా వారానికి ఒక్క సాయంత్రం, ఒకే బడికి. పది బడులకు పదిసార్లు వెళ్ళడం కన్నా ఒక బడికి నలభైసార్లు వెళ్ళడం మేలు. పిల్లలు మీ ఎదుట గెలవాలి, ఓడాలి, దొంగాటలు ఆడాలి, మీరు మాట మరిచిపోయిన రోజు మిమ్మల్ని నిలదీయాలి. జట్టు ఎంపికలో మీరు వేలు పెట్టవద్దు. పెట్టిన మరుక్షణం తల్లిదండ్రులు మీ ఇంటి ముందు నిలబడతారు, అటుపైన మీ మాటలో నిజం ఎవరికీ వినిపించదు. బల్ల మీద కూర్చున్న అదనపు ఆటగాళ్ళ దగ్గర కూర్చోండి. ఏడాదంతా ఒక్కసారి కూడా మైదానంలోకి దిగని పిల్లవాడికి చెప్పగలిగిన మాట ఏదైనా ఉంటే, అది జట్టులో చోటు పోగొట్టుకున్న మీకే తెలుసు. బస్సు ఖర్చులు మా పాత విద్యార్థులు చందాలు వేసుకుని ఇస్తారు. సిగ్గుపడకుండా తీసుకోండి.

ఇంకొకటి, కాస్త కటువుగా చెబుతాను. పతకం తెచ్చినంత మాత్రాన మనిషి మంచివాడని నేను నమ్మను. మీరూ నమ్మరు, మీ జట్టులో ఎవరెవరు ఉండేవారో మీకు తెలుసు. అందుకని ఎంత పేరున్నవారైనా పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు. బడి ఉపాధ్యాయులో, నాలాంటి ముసలివాడో పక్కన ఉండాలి. ఆడపిల్లల వసతి గృహాలకు ఆడినవాళ్ళలో ఆడవాళ్ళే రావాలి. అమ్మలారా, మీరు రాకపోతే ఆ పని ఆగిపోతుంది. పెళ్ళి కుదిరిందని ఆట మాన్పించిన పిల్లలు నా లెక్కలోనే పదకొండు మంది ఉన్నారు. వాళ్ళ తల్లులతో నేను మాట్లాడితే, "మీకేమి తెలుసు మాస్టారూ" అన్నారు. నిజమే, నాకేమి తెలుసు!

ఇక మందులు. కండలు పెరిగే పొడి డబ్బాలు ఇప్పుడు మన ఊళ్ళలోనూ దొరుకుతున్నాయి. పదోతరగతి కుర్రాళ్ళు కొంటున్నారు. డోపింగ్ నియమాల్లో, శరీరంలో నిషిద్ధ పదార్థం దొరికితే ముందు బాధ్యత ఆటగాడిదే. ఎవరు ఇచ్చారు, తెలిసి తిన్నావా అన్నవి తరువాతి మాటలు. ఈ సంగతి నేను చెబితే కుర్రాళ్ళు ఆవలిస్తారు. మీలో నిషేధం అనుభవించినవారు ఉంటే, మిమ్మల్ని ఏ బడీ సభకు పిలవదని నాకు తెలుసు. నేను పిలుస్తున్నాను. ఆ ఉత్తరం ఇంటికి వచ్చిన రోజు ఎలా గడిచిందో, నాన్నగారికి ఎలా చెప్పారో, ఆ సాయంత్రం మైదానం వైపు వెళ్ళారో లేదో చెప్పండి చాలు. శిక్ష పూర్తయిన మనిషిని మళ్ళీ చప్పట్లతో శిక్షించే ఉద్దేశం మాకు లేదు. చప్పట్లే ఉండవు.

సెప్టెంబరు మొదటి శనివారం సాయంత్రం నాలుగింటికి మొదలుపెడదాం. పర్లాకిమిడిలో దిగి డ్రిల్ మాస్టారి మైదానం ఎక్కడని ఎవరిని అడిగినా చెబుతారు. ముందురోజు మట్టి తడిపించి, రాళ్ళు ఏరించి ఉంచుతాను. మోకాళ్ళు బాగాలేనివారికి రెండు కుర్చీలు కూడా ఉన్నాయి.

ఆ రోజు మొదట మాట్లాడేది నేను. 1996 కప్పును అల్మారా నుంచి తీసి ఇమ్మని హెడ్మాస్టరు గారిని అడిగాను. "ఎందుకు మాస్టారూ, ఎగ్జిబిషనా?" అన్నారు. కారణం చెప్పాను. ఆయన కాసేపు నా ముఖం చూసి, తాళంచెవి వెతకడం మొదలుపెట్టారు. కప్పు ఇప్పుడు మా ఇంట్లో, ఆగిపోయిన గడియారం కింద ఉంది. దాన్ని పిల్లల మధ్య పెట్టి, దీపం దగ్గర నుంచి పీట దాకా అంతా చెబుతాను. ఆనాటి కూతగాడికీ కబురు పంపాను. ఇప్పుడు అతనికి నలభై రెండు దాటాయి, ఇద్దరు పిల్లలు. వస్తానని గాని రానని గాని అనలేదు. "ఎన్ని గంటలకు మాస్టారూ?" అని మాత్రం అడిగాడు.

నా తరువాత మీలో ఎవరైనా సరే, ఆ మొదటి జీతం రోజు దగ్గర నుంచి అందుకోండి.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రిల్ మాస్టారు,
పర్లాకిమిడి